కోడి కూసింది, పొట్లం పడలేదు

ఆదిబట్ల దాటి రావిర్యాల దాకా, ఇటు ఇబ్రహీంపట్నం వరకు ఇప్పుడు ఎన్ని ఫుడ్ ప్యాకింగ్ ఫ్యాక్టరీలు లేచాయో చూస్తుంటే నాకు మళ్ళీ తెల్లకోటు తొడుక్కోవాలనిపిస్తుంది. బస్సులో మెడలో కార్డు వేసుకొని పోయే కుర్రవాళ్ళను ఏం పని అని అడుగుతాను. "క్వాలిటీ సార్" అంటారు, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించి. గొంతు తగ్గించకండి. మీరు చేసేది వేట. నాకు తెలిసిన కొలువులన్నిటిలో ఇంతగా ఒళ్ళు పులకరింపజేసేది ఇంకొకటి లేదు.

పిండిలో, పప్పులో, మిఠాయిలో ఇనుము ఉండకూడదు. మా పని అంతా ఈ ఒక్క వాక్యం. కానీ ఫ్యాక్టరీ అంటేనే ఇనుము. ఎక్కడో ఒక చీల వదులవుతుంది, ఒక జల్లెడ తీగ తెగుతుంది, ఒక కత్తి అంచు విరుగుతుంది. ఆ ముక్క పొట్లంలో పడి ఇల్లు చేరేలోపు మీరు దాన్ని పట్టుకోవాలి. గెలిస్తే ఎవరికీ తెలియదు. ఓడితే ఎవరి బిడ్డ నోట్లోనో నెత్తురు.

నా గురించి రెండు మాటలు. మాది ఒకప్పుడు పెద్ద ఇల్లు. గడీ, బండ్లు, చేతి కింద ఊళ్ళు. నా దాకా వచ్చేసరికి గడీ గోడలు, ఇంటిపేరు మిగిలాయి. తర్వాత ఆ గోడలను కూడా వెంచరు వాళ్ళు చదును చేశారు. నేను డిప్లొమా చదివి, కవర్లలో పిండి నింపే ఫ్యాక్టరీలో చేరినప్పుడు మా మేనత్త "రావుల పిల్లగాడు పొట్లాలు కడ్తుండట" అని కంచం ముందు కూర్చున్నప్పుడల్లా ఏడ్చేది. నేను సిగ్గుపడలేదు. కన్నుతో చూడనిదానికి అవుననకూడదని మా ఇంట్లో నేర్పారు. ఈ వృత్తికి ఆ ఒక్క పాఠం చాలు. ఎవరి ముందూ నిలబడి ఏదీ అడగకూడదని కూడా నేర్పారు. దాన్ని మాత్రం ఈ వృత్తి విరగ్గొట్టింది.

అయస్కాంతానికి మీసం

నేను చేరిన కొత్తలో దసరాకు యంత్రాలకు పూజ చేసేవాళ్ళు. ప్రతి యంత్రానికి బంతిపూల దండ. పూలు దారంతోనే గుచ్చేవారు కానీ, దండను యంత్రానికి బిగించడానికి సన్నని కట్టుతీగ వాడేవారు. పండుగ మరునాడు పిండి పోసే తొట్టి కింది అయస్కాంతాన్ని బయటికి లాగితే, దానికి మీసం మొలిచినట్టు తీగ ముక్కలు వేలాడుతున్నాయి.

అప్పటి మేనేజరు వెంటనే పూజ బందు అన్నాడు. మరుసటి దసరాకు మేమెవరం రాకముందే, పనివాళ్ళు చీకటితోనే వచ్చి పూజ చేసుకున్నారు. ఈసారి తీగను మా కంటపడని చోట కట్టారు. యంత్రాలు మరమ్మతు చేసే ఫిట్టరు ఖాజా నాతో అన్నాడు.

"నువ్వు పూజ వద్దంటే పూజ ఆగది సార్. తీగె దాసుకుంటది."

"నీకెందుకోయ్ ఆయుధ పూజ?"

"ఏడాదంత గీ మిషిన్లను తిట్టెటోన్ని నేను. ఒక్కరోజు దండం పెట్టొద్దా?"

గుమ్మడికాయ కొట్టేది ప్రతి ఏడూ అతనే. ఇంకెవరినీ కొట్టనిచ్చేవాడు కాదు. అతని తాత మా గడీలో బండి తోలేవాడట. ఆ సంగతి అతను మరిచిపోలేదు, నన్నూ మరవనియ్యలేదు. "గడీ పోయింది గని సార్, దాని తలుపు ఇంక నీ నడుములనే ఉన్నది, ఒంగదు" అనేవాడు.

మేనేజరు మారాక పూజను వాకిట్లోకి మార్చాం. బల్ల మీద పానాలు, సుత్తెలు, కొత్త కత్తులు పేర్చి పూజ. లోపలి యంత్రాలకు కుంకుమబొట్టు, నూలు దారంతో కట్టిన దండ. తీగ మాయమైంది. కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇదే: మనుషుల అలవాటును నిషేధిస్తే ఇనుము దాక్కుంటుంది. అలవాటుకు వేరే చోటు చూపిస్తే ఇనుము బయటికి వస్తుంది. అడ్డంగా వద్దనడం అధికారం ఉన్న ప్రతివాడికీ చేతనవును. అది పనితనం కాదు.

కోడి

అయస్కాంతం ఇనుమును పట్టుకుంటుంది. ఇత్తడిని పట్టుకోదు, మంచి స్టీలును పట్టుకోదు. పైగా అది పిండి తొట్టి దగ్గర ఉంటుంది. ఆ తర్వాత యంత్రంలో విరిగిన దాన్ని పట్టుకోవడం దానివల్ల కాదు. అందుకని పొట్లం తయారై బయటికి వచ్చాక మెటల్ డిటెక్టరు ఉంటుంది. బెల్టు మీద పొట్లం ఒక చిన్న సొరంగంలోంచి పోతుంది. లోహం ఉంటే డిటెక్టరు కూత పెడుతుంది. ఆ వెంటనే పక్కనున్న గొట్టంలోంచి గాలి బలంగా కొట్టి, ఆ పొట్లాన్ని బెల్టు మీది నుంచి ఒక ఎర్ర డబ్బాలోకి తోసేస్తుంది.

దానికి కోడి అని పేరు పెట్టింది యాదమ్మ. రావిర్యాల మనిషి, ఆ బెల్టు దగ్గర ఆమెదే రాజ్యం. "గంటకొకసారి కూస్తది, ఎవ్వలని నిద్రవోనియ్యది" అని ఆ పేరు పెట్టింది. గంటకొకసారి కూయడమంటే పరీక్ష. ఇనుము, ఇత్తడి, స్టీలు గింజలు పొదిగిన మూడు ప్లాస్టిక్ పుల్లలు ఉంటాయి. వాటితో డిటెక్టరు పనిచేస్తున్నదో లేదో చూడాలి. హాలు ఆ చివరి నుంచి సూపర్‌వైజరు "కూసిందా?" అని కేకవేసేవాడు. యాదమ్మ "కూసింది" అనేది. పని సాగేది. కొత్త మేనేజరు సుధాకర్ కూడా వచ్చిన వారానికే కోడి అనడం మొదలుపెట్టాడు.

పేరు అందరికీ నచ్చింది. కోడి పని కూయడం. కూస్తే దాని పని అయిపోయినట్టే. ఆ పేరులోనే తప్పు దాక్కుని ఉందని మాకెవరికీ తట్టలేదు.

కత్తి పన్ను

తెలంగాణ వచ్చాక కొన్నేళ్ళకు జరిగిన సంగతి ఇది. అప్పుడు మేము అంగన్‌వాడీలకు పోయే పిల్లల పిండి ప్యాక్ చేస్తున్నాం. వేయించిన గోధుమలు, పప్పులు, బెల్లం కలిపిన పిండి. నీళ్ళలో కలిపి కాస్తే జావ.

ఆ యంత్రంలో కవరును రెండు వేడి దవడలు అతికిస్తాయి. దవడల నడుమ రంపంలా పళ్ళున్న కత్తి ఉంటుంది. పై పొట్లాన్నీ కింది పొట్లాన్నీ వేరు చేసేది అదే. పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు ఆ పళ్ళను నేనే చూశాను. అన్నీ ఉన్నాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక దవడలు తుడుస్తున్న ఖాజా నన్ను పిలిచాడు. ఎప్పుడూ అరిచే మనిషి, ఆ వేళ మెల్లగా పిలిచాడు.

"సార్, జర ఇటు రా. పన్ను లేదు."

"ఎవరి పన్ను?"

"నీది గాదు, కత్తిది."

వంగి చూశాను. కత్తి నడుమ ఒక పన్ను ఉండవలసిన చోట ఖాళీ. బియ్యపు గింజంత ముక్క, కానీ రెండు అంచులూ పదునే. కత్తి కింద ఏముంటుంది? నోరు తెరుచుకొని నిండుతున్న పొట్లం ఉంటుంది.

బయట లారీలో పెట్టెలు ఎక్కిస్తున్నారు. పొద్దుటి నుంచి చేసిన పొట్లాలన్నీ ఆ లారీలో ఉన్నాయి. మొట్టమొదట తయారైన కొన్ని పెట్టెలు మాత్రం భోజనాలకు ముందే ఒక ట్రాలీ ఆటోలో మహేశ్వరం దారిలో ఉన్న ఒక ఊరికి పోయాయి. అక్కడ పిండి నిండుకుందని టీచరు పదేపదే అడిగింది.

నేను లారీని ఆపమన్నాను. సుధాకర్ వచ్చాడు. అతను చెడ్డవాడు కాదు, మూర్ఖుడు అసలే కాదు. వేళ్ళ మీద లెక్క చెప్పాడు.

"రావ్‌సాబ్, గంటగంటకు టెస్టు చేసిన్రా? చేసిన్రు. కోడి కూసిందా? కూసింది. పన్ను పొట్లంలకు పోతే కోడి పట్టాలె, ఎర్ర డబ్బాల పడాలె. డబ్బాల ఏమున్నది? ఏం లేదు. అంటే పన్ను పొట్లంల పోలేదు. కిందనే పడ్డది. ఊడ్సుండ్రి, లారీని పంపుండ్రి."

ఆ లెక్కలో నాకు తప్పు దొరకలేదు. అదే నన్ను భయపెట్టింది.

"ఒకవేళ పొట్లంలకే పోయిందంటే," అతను యాదమ్మ వైపు చూశాడు, "టెస్టు చెయ్యకుండనే చేసిన అన్నట్టు. గట్లయితే ఇంటికి పోవుడే."

యాదమ్మ ముఖం ఎర్రబడింది. "నా కొలువు సంగతి తర్వాత సూడుండ్రి సార్. గా పిండి మా అక్క పిల్లలు గూడ తింటరు. ముందుగాల్ల పన్ను దేవులాడుండ్రి."

దేవులాడాం. కర్రకు అయస్కాంతం కట్టి యంత్రం కింద, బెల్టు కింద, గోడ మూలల్లో తిప్పాం. ఒక పిన్నీసు దొరికింది. తుప్పు పట్టిన నట్టు ఒకటి దొరికింది. పన్ను లేదు. లారీ డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

తుస్సు

ఒక లెక్కలో తప్పు దొరకకపోతే, లెక్కను వదిలేసి పని జరిగే చోటికి పోయి చూడాలి. నేను యాదమ్మను అడిగాను.

"టెస్టు ఎట్ల చేస్తవో చేసి చూపియ్యి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

ఆమె ఇనుప గింజ ఉన్న పుల్ల తీసింది. సొరంగం మూతి దగ్గర, దేవుడికి హారతి పట్టినట్టు, చేత్తో ఇటు నుంచి అటు తిప్పింది. కోడి కూసింది. పుల్ల తుడిచి జేబులో పెట్టుకుంది.

"అయింది."

"పడ్డదా?"

"ఏం పడాలె సార్? కూసింది గద."

ఆమె అబద్ధం చెప్పలేదు. ప్రతి గంటకూ చేసింది. అందరూ అట్లాగే చేసేవాళ్ళు, మూడు షిఫ్టుల్లోనూ. మేము అడిగేది "కూసిందా" అని. ఆమె చూపించేది కూత.

నేను పుల్లను ఒక పొట్లం నడుమ పెట్టి, టేపు వేసి, బెల్టు మీద వదిలాను. సొరంగంలోకి పోయింది. కోడి కూసింది. గాలి గొట్టం తుస్సుమంది. సైకిలు ట్యూబులోంచి పోయినంత గాలి. పొట్లం కొంచెం పక్కకు జరిగి, మళ్ళీ సర్దుకొని, మంచి పొట్లాల వెనకాలే నడిచి అట్టపెట్టెలో పడింది.

స్టీలు పుల్లతో మళ్ళీ చేశాను. కూత, తుస్సు, పెట్టె.

ఆ క్షణాన నా ఒళ్ళంతా జలదరించింది. భయంతో అని రాస్తే అబద్ధమవుతుంది. దొంగ ఏ కిటికీలోంచి పోయాడో కనిపించినప్పుడు కలిగే ఉద్వేగం అది. మీకు కూడా ఎప్పుడో ఒకరోజు కలుగుతుంది. కలగాలని కోరుకుంటున్నాను.

ఖాజా గాలి పైపును చేత్తో తడుముతూ గోడ వెంట పోయాడు. పెట్టెలకు ప్లాస్టిక్ పట్టీ చుట్టే కొత్త యంత్రం దగ్గర ఆగాడు. ఆ పొద్దున్నే దాన్ని బిగించారు.

"గాలంత ఈడ తాగుతున్నది సార్. రెండిటికి ఒక్కటే పైపు." సుధాకర్ వైపు తిరిగాడు. "మీరే అన్నరు, గీ పైపు నుంచే ఇయ్యి అని."

"అన్న," అన్నాడు సుధాకర్. అంతే. ఇంకో మాట లేదు, సాకు లేదు. నేను ఎందరో మేనేజర్ల కింద పనిచేశాను. అన్నమాటను అన్నానని పదిమందిలో ఒప్పుకున్నవాళ్ళు చాలా తక్కువ. ఆ ఒక్క మాటతో అతని మీద నాకున్న కోపం సగం పోయింది. యాదమ్మ వైపు చూసి, "నువ్వు ఏడికి పోయేది లేదు, బెల్టు కాడికి పో" అన్నాడు.

కొత్త యంత్రాన్ని ఆపేశారు. పుల్ల పెట్టిన పొట్లాన్ని మళ్ళీ వదిలాను. కూత, వెంటనే ధనాలున గాలి. పొట్లం ఎగిరి ఎర్ర డబ్బా గోడకు కొట్టుకొని పడింది. ఎవరో ఈల వేశారు.

సగం

లారీలోని పెట్టెలన్నీ దింపి, ప్రతి పొట్లాన్నీ మళ్ళీ డిటెక్టరులోంచి పంపాలన్నాను. డ్రైవరు దిగి వచ్చాడు. "ఎక్కించినోళ్ళే దించుతరా? ఇది ఫ్యాక్టరీనా, సర్కసా?"

"టికెట్ లేకుండ చూస్తున్నవ్, నిలబడు," అన్నాడు ఖాజా.

పెట్టెలు దిగాయి. ఆఫీసులో వాళ్ళు కూడా వచ్చి పొట్లాలు అందించారు. ఎవరూ పిలవలేదు, వాళ్ళే వచ్చారు. ఒక్కొక్క పొట్లం సొరంగంలోకి పోతుంటే హాలంతా దానివైపే చూపు. ఉన్నట్టుండి కోడి కూసింది. అందరం ఎర్ర డబ్బా మీదికి వంగాం. పొట్లం కోసి, తెల్లటి పళ్ళెంలోకి జల్లెడ పట్టాం. ఏమీ లేదు. మళ్ళీ పొట్లాలు వదిలాం, మళ్ళీ కూసింది, ఏమీ లేదు. అప్పుడు యాదమ్మ చూసింది. సుధాకర్ ఆత్రంతో డిటెక్టరు మీదికి వాలి నిలబడ్డాడు. చొక్కా జేబులో ఫోను.

"సార్, మీరు జర దూరం జరుగుండ్రి," అంది యాదమ్మ. "లేకపోతే మిమ్మల్ని గూడ డబ్బాలకు నూకుతది."

అందరికంటే ముందు నవ్వింది సుధాకరే. ఫోను ఖాజా చేతికిచ్చి గోడ దగ్గరికి పోయాడు.

మూడోసారి కూసినప్పుడు దగ్గర్లో ఎవరూ లేరు. పొట్లం ఎగిరి పడింది. పిండి జల్లెడలోంచి దిగిపోయింది. జల్లెడ మీద ఒక నల్లటి మెరుపు మిగిలింది.

కేకలు, చప్పట్లు. డ్రైవరు కూడా చప్పట్లు కొట్టాడు. ఖాజా ఆ ముక్కను పట్టకారుతో పట్టుకొని, కత్తిలో ఖాళీ దగ్గరికి తీసుకుపోయి ఆనించాడు. చప్పట్లు ఆగిపోయాయి.

ముక్క ఖాళీలో సగమే నిండింది. కొస లేదు.

"పన్ను ఒక్కసారి విరగలేదు సార్," అన్నాడు ఖాజా. "ముందుగాల్ల కొస పోయింది. తర్వాత మొదలు పోయింది."

యాదమ్మ తల పట్టుకుంది. "టెస్టులు గాక అది ఇయ్యాల ఇంకో రెండుసార్లు కూసింది. బువ్వకు పోయే ముందు ఒకసారి. పొద్దుగాల్ల ఒకసారి."

"మరి చెప్పలేదేం?"

"కూస్తే డబ్బాల పడ్డదనే అనుకున్న. నువ్వు అడిగినవా?"

అడగలేదు, నిజమే. లారీలో మిగిలిన పొట్లాలను కూడా దాటించాం. కోడి ఒక్కసారీ కూయలేదు. పొద్దుటి పొట్లాలు ట్రాలీ ఆటోలో పోయాయి. కొస ఆ ఊళ్ళో ఉంది.

సుధాకర్ టీచరుకు ఫోన్ చేశాడు. స్పీకరులో ఆమె గొంతు అందరికీ వినపడింది. "వచ్చినయ్ వచ్చినట్టే ఇంటింటికి పంచిన సార్. అందరు ఎదురుసూస్తుండ్రి. ఏమైంది?"

"ఎవ్వలకు తినిపియ్యొద్దని చెప్పు," అన్నాడు సుధాకర్. "మావోళ్ళు వస్తున్నరు."

ఆ ఊరి అరుగు ముందు

ఖాజా, యాదమ్మ, నేను అదే ట్రాలీ ఆటోలో బయలుదేరాం. ఆ ఊరి పేరు రాయను. మా తాత కాలంలో అది మా గడీ కింది ఊరు. అంత దగ్గరలో ఉండి కూడా నేనెప్పుడూ అక్కడ కాలు పెట్టలేదు.

అంగన్‌వాడీ ముందు జనం పోగయ్యారు. టీచరు కళ్ళలో నీళ్ళు. అరుగు మీద ఒక ముసలాయన కర్ర పట్టుకొని కూర్చున్నాడు. పేరు ఈదయ్య. మనుమరాలు అక్కడే చదువుతుంది. టీచరు నన్ను రావు సార్ అని చెప్పగానే ఆయన తలెత్తాడు.

"ఏ రావు? గడీ రావులా?"

"అవును."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "మీ తాత వచ్చి వడ్లు తీస్కపోయెటోడు. నువ్వు పిల్లల పిండి తీస్కపోనీకి వచ్చినవా దొరా?"

జనం నవ్వారు. మా ఇంటి మగవాళ్ళెవరూ ఒకరి అరుగు కింద నిలబడి చెయ్యి చాచింది లేదు. చేయించుకోవడమే తప్ప అడగడం మాకు రాదు. టీచరుకు ఆర్డరు వేసి, ఆమె చేతనే పొట్లాలు తెప్పించి, నేను ఆటోలో కూర్చోవచ్చు. కానీ ఆర్డరు వేస్తే పొట్లాలు దాక్కుంటాయి. పది రోజులు ఎదురుచూసిన పిండిని ఏ తల్లి ఊరికే తిరిగిస్తుంది?

జేబులోంచి కాగితం విప్పి, దొరికిన ముక్కను ఆయన అరచేతిలో పెట్టాను.

"ఇది సగం. ఇంకో సగం మీ ఊళ్ళ ఏదో ఇంట్ల, పొట్లంల ఉన్నది. ఏ ఇంట్లనో నాకు తెల్వదు. తీస్కపోనీకే వచ్చిన. ఇయ్యమని అడుగుతున్న."

ఆయన బొటనవేలితో నొక్కి చూశాడు. వేలి మీద సన్నటి ఎర్ర చుక్క పుట్టింది.

"గిది పిల్లలు తింటుండిరా?"

"తినొద్దనే వచ్చిన."

కర్ర ఊతంగా లేచాడు. "నడువ్."

ఇల్లిల్లూ తిరిగాం. ముందు ఈదయ్య, వెనక నేను. ప్రతి గడప దగ్గరా ఆయన కేక ఒకటే. "పొట్లం తేండ్రి, దొర అడుక్కోనీకి వచ్చిండు." నేను దిద్దలేదు. మాట సరైనదే. జనం నవ్వుకుంటూ వచ్చారు, పొట్లాలు తెచ్చారు. ఆ కేక లేకపోతే సగం పొట్లాలు కూడా వచ్చేవి కావు. ఈ వృత్తిలో మీ పరువు కాస్త తగ్గితే ఒక బిడ్డ నోరు బాగుంటుందనుకోండి, బేరం ఆడకండి.

చివరి ఇల్లు ఈదయ్యదే. లోపల ఆయన మనుమరాలు గిన్నె ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. తల్లి పొలం నుంచి అప్పుడే వచ్చింది. ఊళ్ళో గోల ఆమెకు తెలియదు, జావ కాచి పెట్టింది. చెంచా నోటి దాకా పోయింది. నేను చెప్పు విప్పకుండానే లోపలికి పోయి గిన్నె లాక్కున్నాను. ఆ పిల్ల ఒక్క క్షణం నన్ను చూసి, ఊరు లేచేలా ఏడ్చింది.

జావను అక్కడికక్కడే పలుచని బట్టలో వడకట్టాం. బట్ట మీద ఏమీ లేదు. విప్పిన పొట్లంలోని పిండిలో కూడా లేదు. టీచరు ఇళ్ళన్నీ గుర్తుచేసుకొని, ఇక ఒక్కటి కూడా మిగల్లేదంది. ఆటో ఎక్కుతుంటే ఈదయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నేను గూడ వస్త. దొరికిందని నువ్వు చెప్తే నమ్మాల్నా?"

గింత దానికా

ఫ్యాక్టరీలో ఆయన చేతి వెండి కడియాన్ని చూసి యాదమ్మ గోడ దగ్గర కుర్చీ వేసింది. "తాతా, నువ్వు ఆడనే కూసో. కడెం చూస్తే మా కోడి కూస్తది."

"కూయనీ, నేనేం దొంగనా?" అన్నాడు, కానీ కూర్చున్నాడు.

తెచ్చిన పొట్లాలు బెల్టు ఎక్కాయి. ఈసారి ఎవరూ ఈలలు వేయలేదు. పొట్లం పోతోంది, ఇంకొకటి, ఇంకొకటి. సగం దాటాయి. కోడి కూసింది. పొట్లం ఎగిరి పడింది. ఎవరూ "కూసింది" అనలేదు. నలుగురి నోట ఒకేసారి వచ్చిన మాట "పడ్డది."

జల్లెడ మీద కొస. నువ్వుగింజంత. ఖాజా రెండు ముక్కలనూ కత్తిలో ఆనించాడు. పన్ను నిండింది. ఏ ఇంటి పొట్లమో తెలియదు. తెలియకపోవడమే మంచిది.

ఈదయ్య లేచి వచ్చి చూశాడు. "గింత దానికా ఊరంత తిరిగినవ్?"

"గింత దానికే."

"మంచిగ చేసినవ్. మరి పొల్ల పొద్దుగాల్నుంచి ఏం తినలే. దాని నోటికాడి గిన్నె గుంజుకున్నవ్. గిప్పుడేం జెయ్యాలె?"

సుధాకర్ అప్పటికే కొత్త కత్తి బిగించమని చెప్పాడు. కోడికి గాలి పైపు వేరుగా వేశారు. యాదమ్మ పుల్లను పొట్లం నడుమ పెట్టి వదిలి, అది డబ్బాలో పడడం కళ్ళారా చూసి, అప్పుడు తల ఊపింది. ఆ ఊరికి సరిపోయేన్ని పొట్లాలు నింపాం. మళ్ళీ అదే ఆటో.

మేము చేరేసరికి ఇళ్ళల్లో దీపాలు వెలిగాయి. పంచడం టీచరుకు వదిలి, నేను ఈదయ్య ఇంటికి పోయాను. ఆయన కోడలు కొత్త పొట్లం విప్పి జావ కాచింది. ఆ పిల్ల గిన్నెను నాకు అందకుండా అటువైపు తిప్పి పట్టుకొని, నా మీది నుంచి చూపు తీయకుండానే మొదటి చెంచా నోట్లో పెట్టుకుంది. నేను గడప బయట నిలబడి చెవులు రిక్కించి విన్నాను. పిండి ఉండ ఒకటి తగిలినట్టుంది, నమిలింది. మెత్తగా నలిగింది. ఇంకే చప్పుడూ రాలేదు. రెండో చెంచా ముంచింది.